చవక షూ ఎన్ని కిలోమీటర్ల షూ?

పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినపడితే చాలు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జూనియర్ కాలేజీ గ్రౌండ్లు తెల్లారకముందే నిండిపోతాయి. పురుష అభ్యర్థులకు 1600 మీటర్ల పరుగు గట్టెక్కితే తప్ప ముందుకు దారి లేదు కాబట్టి నెలల తరబడి రోజూ అదే సాధన. ఇంకోవైపు హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీదా, విశాఖ బీచ్ రోడ్డు మీదా హాఫ్ మారథాన్ పెట్టుకుని పరిగెత్తే ఉద్యోగులు. జేబులు వేరైనా ఈ రెండు వర్గాలకూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: తక్కువ ధర షూతో రోజూ పరిగెడితే మోకాళ్లు పోతాయా? దుకాణంలో జవాబు సిద్ధంగా ఉంటుంది, పది వేలు పెడితే భయం లేదని. వాట్సాప్‌లో దానికి ఎదురు జవాబూ సిద్ధమే, తాతలు వట్టికాళ్లతో పరిగెత్తలేదా అని. పరిశోధనలు మాత్రం ఈ రెండింటిలో దేన్నీ బలపరచడం లేదు. నిత్యం పరుగుకు ఒక షూ పనికొస్తుందా లేదా అన్నది రెండు లెక్కల మీద తేలుతుంది: దాని ఫోమ్ ఎన్ని అడుగుల దాకా నిలబడుతుంది, మీరు వారానికి దాని మీద ఎన్ని అడుగులు వేస్తారు. ధర ఈ లెక్కల్లోకి వస్తుంది గానీ, చాలా ఆలస్యంగా వస్తుంది.

ముందు అడుగుల సంగతి. మామూలుగా పరిగెత్తేవాళ్లు నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పూర్తిచేసే మనిషికి అది సుమారు వెయ్యి అడుగులు. ఒక్కో షూ వాటా ఐదు వందలు. నడకలో ఏదో ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో ఒళ్లంతా గాల్లోకి లేచి ఒంటికాలి మీద దిగుతుంది, దిగిన ప్రతిసారీ ఆ కాలి మీద పడే బలం ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. 65 కిలోల కుర్రాడు రోజుకు ఐదు కిలోమీటర్ల చొప్పున వారానికి ఆరు రోజులు పరిగెడితే, ఒక్కో షూ వారానికి 15,000 సార్లు నలుగుతుంది, అదీ ప్రతిసారీ నూటయాభై కిలోలకు అటూ ఇటూగా బరువు కింద. నాలుగు నెలలు గడిచేసరికి ఆ సంఖ్య రెండున్నర లక్షలకు దగ్గరవుతుంది. ఆదివారం పూట పార్కులో రెండు చుట్లు తిరిగి ఇడ్లీ తినడానికి వెళ్లే పెద్దమనిషి షూ ఏళ్లు గడిచినా ఇన్ని దెబ్బలు తినదు. ‘ఇదే షూ రెండేళ్లుగా వాడుతున్నా, ఏం కాలేదు’ అని ఆయన చెప్పేది నిజమే కావచ్చు, రోజూ పరిగెత్తేవాళ్లకు మాత్రం అది సాక్ష్యం కాదు.

ఆ దెబ్బలు తినేది రబ్బరుకూ పాదానికీ మధ్య ఉండే మిడ్‌సోల్. 1970ల మధ్య నుంచి ఎక్కువ షూలలో ఇది ఈవీఏ, అంటే ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే పదార్థంతో చేసిన ఫోమ్. కంటికి కనపడనంత చిన్న గదులు, ఒక్కో గదిలో మూసుకుపోయిన వాయువు. అడుగు పడగానే గదుల గోడలు వంగుతాయి, లోపలి వాయువు నొక్కుకుపోతుంది. కాలు లేచాక గోడలు మళ్లీ నిలబడతాయి. నిలబడినంత కాలం షూ పనిచేస్తున్నట్టు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వెర్డెహో, మిల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో ప్రచురించిన పరిశీలన ప్రకారం 500 కిలోమీటర్లు పరిగెత్తిన షూలో పాదం కింద గరిష్ఠ ఒత్తిడి సగటున రెట్టింపయింది. 750 కిలోమీటర్ల తర్వాత ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే గదుల గోడలు ముడతలు పడి ఉన్నాయి, అక్కడక్కడా చిల్లులు పడ్డాయి. వాడగా వాడగా అణిగిపోయిన దూది పరుపు పైకి పరుపులాగే కనిపించినట్టు, ఈ షూ కూడా పైకి షూలాగే ఉంటుంది. రంగు పోదు, లేసు తెగదు. లోపల పని ఆగిపోతుంది. అంతకు చాలా ముందే, 1985లో, అమెరికాలో కుక్ బృందం యంత్రంతో షూలను కొట్టించి చూసింది. మొదటి 80 కిలోమీటర్లకే అవి అదురును పీల్చుకునే శక్తిలో నాలుగో వంతు పోగొట్టుకున్నాయి, 400 నుంచి 800 కిలోమీటర్ల మధ్యకు వచ్చేసరికి అరవై శాతం కన్నా తక్కువే మిగిలింది. మనుషులు తొడుక్కుని పరిగెత్తిన షూలు కొంచెం నయం, 800 కిలోమీటర్ల దగ్గర కూడా డెబ్బై శాతం దాకా నిలుపుకున్నాయి. ఈ క్షీణతకూ షూ ధరకూ కంపెనీకీ సంబంధం కనపడలేదని కూడా ఆ బృందం రాసింది. అప్పటి ఫోమ్‌లు వేరు, ఇప్పటివి వేరు అనొచ్చు. నిజమే, ఇవాళ్టి ఖరీదైన కొన్ని ఫోమ్‌లు ఈవీఏ కన్నా మెరుగ్గా తిరిగి లేస్తాయి. కానీ మధ్యతరగతి మనిషి రెండు మూడు వేలు పెట్టి కొనే షూలో ఇప్పటికీ ఉండేది ఎక్కువగా ఈవీఏనే. కాబట్టి ఆ పాత కొలతకు ఇంకా కాలం చెల్లలేదు.

ధర గురించి నేరుగా అడిగిన పరిశోధన ఒకటుంది. స్కాట్లాండ్‌లోని డండీలో క్లింగన్ బృందం మూడు కంపెనీల రన్నింగ్ షూలను మూడేసి ధరల్లో తీసుకుంది: 40–45 పౌండ్లవి, 60–65 పౌండ్లవి, 70–75 పౌండ్లవి. తొడుక్కున్నవాళ్లకు ఏది ఏ ధరదో తెలియకుండా చేసి, అరికాలి కింద పడే ఒత్తిడి కొలిచారు, ఎంత హాయిగా ఉందో అడిగారు. లెక్కకు నిలిచే తేడా దొరకలేదు. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2008లో అచ్చువేసిన ఈ ఫలితాన్ని చవక షూల పక్షం వహించేవాళ్లు బ్రహ్మాస్త్రంలా వాడతారు. అయితే ఆ అస్త్రం మన బజారు దాకా రాదు. అప్పటి మారకం రేటులో 40 పౌండ్లంటే మూడు వేల రూపాయల పైమాటే. వాళ్లు చవక అన్నది పేరున్న కంపెనీ పరుగు కోసమే చేసిన షూని. మనం చవక అనేది సంతలోనో, బస్టాండు పక్క కొట్లోనో, ఆన్‌లైన్ ఆఫర్‌లోనో ఐదారు వందలకు దొరికే ‘స్పోర్ట్స్ షూ’ని. డండీ ఫలితం చెప్పేదల్లా ఇంతే: అసలైన రన్నింగ్ షూల మధ్య పోటీ పెడితే ఎక్కువ డబ్బుకు ఎక్కువ రక్షణ దొరకలేదు. ఒక షూ అసలు రన్నింగ్ షూ కిందికి వస్తుందా రాదా అన్నది ఆ పరిశోధన ముట్టుకోలేదు. మన దగ్గర తెగని ప్రశ్న సరిగ్గా అదే. ధరకు పైకప్పు అనవసరమని ఒప్పుకున్నా, కింద ఒక నేల ఉంది. దాని కిందికి దిగితే షూ ఆకారం మాత్రమే మిగులుతుంది.

ఆ నేల ఎక్కడుందో కనుక్కోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, చేతివేళ్లు చాలు. మొదట మిడ్‌సోల్ పక్కగోడను బొటనవేలితో గట్టిగా నొక్కాలి. మంచి ఫోమ్ కొంచెం లోపలికి పోయి, వేలు తీయగానే పైకి వస్తుంది. రాయిలా కదలకపోతే అది అచ్చులో పోసిన పీవీసీనో, గట్టి రబ్బరో. వేలి గుంట అలాగే కాసేపు మిగిలిపోతే ఫోమ్ మరీ పలచన. రెండోది, షూ మడమ ఒక చేత్తో, ముందుభాగం ఇంకో చేత్తో పట్టుకుని వంచడం. పాదం వంగేది వేళ్ల మొదళ్ల దగ్గర, షూ కూడా అక్కడే వంగాలి. సరిగ్గా నడిమధ్యలో, అరికాలి గుంత కింద, మడతపడితే దాన్ని అక్కడే వదిలేయడం మంచిది. మూడోది, మడమ వెనక గోడను రెండు వేళ్లతో నొక్కడం. గుడ్డలా చతికిలబడితే దిగేటప్పుడు మడమను పట్టి ఉంచేది ఏమీ లేదన్నమాట. నాలుగోది దుకాణంలో చాలామంది చేయని పని: లోపలి మెత్తటి ఇన్‌సోల్ బయటికి లాగి కింద ఏముందో చూడటం. చుట్టూ కుట్టేసిన గుడ్డ కనిపిస్తే కాస్త ఆలోచించి చేసిన షూ. అట్టముక్క కనిపిస్తే, కొట్లో వేసుకున్నప్పుడు కలిగిన మెత్తదనమంతా ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆ పలచటి స్పాంజిదే; నాలుగు పరుగులకు అది అణిగిపోతుంది, తర్వాత మీకూ రోడ్డుకూ మధ్య మిగిలేది అట్ట. ఆఖరుగా అడుగుభాగం. మడమ బయటి అంచునా వేళ్ల కిందా వేరుగా అతికిన రబ్బరు ఉందా, లేక ఫోమే నేరుగా నేలకు తగులుతోందా? ఫోమే తగిలితే తేలిగ్గా ఉంటుంది, మట్టి గ్రౌండులో కొంతకాలం బాగానే నడుస్తుంది. సిమెంటు రోడ్డు మీద మాత్రం త్వరగా అరిగిపోతుంది.

తూకం గురించి రెండు మాటలు. పీవీసీ సోల్ ఉన్న షూ చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. 2016లో అమెరికాలో హూగ్‌కామర్ బృందం, పరిగెత్తేవాళ్లకు తెలియకుండా షూలో సీసపు గుళ్లు దాచి పరుగు పెట్టించింది. ఒక్కో షూకు వంద గ్రాములు పెరిగేకొద్దీ 3000 మీటర్ల పరుగుకు పట్టే కాలం దాదాపు 0.8 శాతం పెరిగింది. అదే నిష్పత్తి 1600 మీటర్లకూ వర్తిస్తుందనుకుంటే, ఏడు నిమిషాల పరుగులో మూడు సెకన్లకు పైనే. గడువు అంచున ఉన్న అభ్యర్థికి మూడు సెకన్లంటే ఉద్యోగమే.

నేల పరీక్ష దాటిన షూల మధ్య ఎంపిక ఎలా? ఇక్కడే దుకాణాల్లో ‘ప్రొనేషన్’ అనే మాట వినిపిస్తుంది. పాదం లోపలికి వాలుతోంది కాబట్టి దాన్ని ఆపే షూ, సహజంగానే ఇంకో మూడు వేలు ఎక్కువ. ఈ సిద్ధాంతం వినడానికి ఇంపుగా ఉంటుంది, పరీక్షకు నిలబడలేదు. డెన్మార్క్‌లో నీల్సన్ బృందం 927 మంది కొత్త రన్నర్లకు ఒకే రకం మామూలు షూ ఇచ్చి ఏడాది పాటు గమనిస్తే, పాదం లోపలికి వాలేవాళ్లకు గాయాలు ఎక్కువ కాలేదు. అమెరికా సైన్యంలో, వైమానిక దళంలో, మెరీన్లలో కొత్తగా చేరినవాళ్లకు అరికాలి ఆకారాన్ని బట్టి షూలు పంచి చూసిన ప్రయోగాలూ గాయాలను తగ్గించలేకపోయాయి. వీటన్నిటి తర్వాత కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్ ఇంకో దారి సూచించారు: శరీరానికి ఇష్టమైన కదలిక ఒకటుంటుంది, దానికి అడ్డుపడని షూ హాయిగా అనిపిస్తుంది, ఆ హాయినే గుర్తుగా తీసుకోవాలి అని. దీనికి ఆధారంగా చూపేవాటిలో ఒకటి 206 మంది సైనికులతో చేసిన అధ్యయనం. ఆరు రకాల ఇన్‌సోళ్లలో ఎవరికి హాయిగా ఉన్నది వాళ్లు ఎంచుకుని వాడగా, ఏ ఇన్‌సోలూ ఇవ్వని వాళ్ల కన్నా వాళ్లలో గాయాలు తగ్గాయి. ఇన్‌సోల్‌కు రుజువైంది షూకు మొత్తంగా రుజువైనట్టు కాదు, ఆ మాత్రం జాగ్రత్త అవసరం. అయినా చేతిలో ఉన్న కొలబద్దల్లో ఇదే నయమైనది, పైగా ఖర్చులేనిది.

హాయి అన్నది మనసు చేసే మోసం కూడా కావచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. స్టీవెన్ రాబిన్స్, ఎడ్వర్డ్ వేకెడ్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో అడుగు పడే చోట ఒకే పదార్థం పరిచి, దాని గురించి వేర్వేరు మాటలు చెప్పారు. ఇది బాగా రక్షణ ఇస్తుందని విన్నవాళ్లు మరింత గట్టిగా కాలు మోపారు. ప్రకటన చెవిలో పడితే పాదం కూడా నమ్ముతుందన్నమాట. అందుకే ధర చూడకముందే, పేరు వినకముందే తొడుక్కుని చూడటం మంచిది. అదీ సాయంత్రం పూట, పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు, పరుగుకు వాడే మేజోళ్లతోనే. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నాలుగు అడుగులు జాగింగ్ చేస్తే మడమ పైకి జారకూడదు. ఆడవాళ్ల పాదం మగవాళ్ల పాదానికి చిన్న నకలు కాదు, ముందుభాగంతో పోలిస్తే మడమ సన్నం. తక్కువ ధరలో ఆడవాళ్ల సైజులు దొరక్క మగవాళ్ల షూలో చిన్న సైజు తీసుకుంటే ఈ జారుడు దగ్గరే దెబ్బతింటారు.

ఇక గట్టి అభ్యంతరం: చవక షూ గట్టిగా ఉంటుంది, గట్టి షూతో గాయాలవుతాయి. దీన్ని తోసిపుచ్చలేం. లక్సెంబర్గ్‌లో లోరాన్ మాలిసూ బృందం 848 మంది మామూలు రన్నర్లకు, చూడటానికి తేడా తెలియని రెండు రకాల షూలు ఇచ్చి ఆరు నెలలు గమనించింది. గట్టి షూ వేసుకున్నవాళ్లకు గాయం ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది. బరువున్నవాళ్లకు మెత్తటి షూ ఎక్కువ మేలు చేస్తుందని అందరూ అనుకుంటారు, తీరా చూస్తే మేలు తేలిక ఒంటివాళ్లలోనే కనిపించింది. అయితే 2022లో కొక్రేన్ సమీక్ష ఇలాంటి పన్నెండు ప్రయోగాలను, పదకొండు వేల పైచిలుకు మందిని కలిపి చూసి, షూ రకాన్ని మార్చి గాయాలు తగ్గించవచ్చనడానికి ఉన్న ఆధారం బలహీనమైనదేనని తేల్చింది. మెత్తదనం ఎంత పెరిగితే అంత మంచిదనీ చెప్పలేం: బాగా మెత్తటి సోల్‌తో వేగంగా పరిగెత్తినప్పుడు కాలు తనంతట తానే బిగుసుకుని, దెబ్బ తగ్గకపోగా పెరగడాన్ని ఫిన్లాండ్ పరిశోధకులు 2018లో కొలిచి చూపించారు. పరుగులో మడమ స్నాయువు మీద పడే లాగుడు ఒంటి బరువుకు ఆరేడు రెట్లు ఉంటుంది, దాన్ని ఏ ఫోమూ మోయదు. నా అభిప్రాయంలో ఈ ఆధారాలన్నీ కలిపి చదివితే దొరికేది ఒక హద్దు మాత్రమే. మరీ గట్టి సోల్ వద్దు. ఆ హద్దు లోపల మెత్తదనం కోసం వేలు పోయడానికి కారణం లేదు. అనుభవం లేనివాళ్లను పడగొట్టేది చాలాసార్లు దూరాన్ని ఒక్కసారిగా పెంచడమే. నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే రెండు కిలోమీటర్ల నుంచి ఎనిమిదికి దూకే కుర్రాడిని పది వేల షూ కాపాడలేదు.

మరి ఒలింపిక్ వీరులు ఆ ఖరీదైన షూలే ఎందుకు వేసుకుంటారు? వేగం కోసం. కార్బన్ పలకతో, కొత్తరకం ఫోమ్‌తో వచ్చిన నైకీ షూ ఒకటి శక్తి ఖర్చును సుమారు నాలుగు శాతం తగ్గించిందని కొలరాడో విశ్వవిద్యాలయంలో కొలిచారు. అదే తరహా షూను గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవాళ్ల మీద 2023లో పరీక్షిస్తే ఆదా ఒక శాతం లోపే వచ్చింది. రోజువారీ పరుగుకు పనికొస్తుందా అన్న ప్రశ్నకు ఈ లెక్కతో పని లేదు. వట్టికాళ్ల వాదానికి కూడా జవాబు ఉంది: చిన్నప్పటి నుంచీ అలా పరిగెత్తిన కాలు వేరు, ముప్పై ఏళ్లు షూలో పెరిగిన కాలు వేరు. వేళ్లకు తొడుగుల్లాంటి పలచటి షూలకు పది వారాల్లో మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు ఎంఆర్ఐలో కనిపించింది.

ధర మాట ఇక్కడికి వాయిదా వేశాం, ఇప్పుడు లెక్క వేయవచ్చు. 12,000 రూపాయల షూ 600 కిలోమీటర్లు నడిచిందనుకుందాం, కిలోమీటరుకు 20 రూపాయలు. 2,500 రూపాయల షూ 400 కిలోమీటర్లు నడిస్తే ఆరు రూపాయల చిల్లర. 600 రూపాయల షూ 80 కిలోమీటర్లకే చతికిలబడితే ఏడున్నర. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే, కానీ అన్నిటికన్నా చవకదే మధ్యదాని కన్నా ఖరీదు కావడం ఇలాగే జరుగుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. మాలిసూ బృందమే 264 మందిని 22 వారాలు గమనించిన ఇంకో అధ్యయనంలో, రకరకాల షూలను మార్చి మార్చి వాడినవాళ్లకు గాయం ముప్పు 39 శాతం తక్కువ కనిపించింది. అది గమనించి చెప్పిన ఫలితమే తప్ప షూలు పంచి చేసిన ప్రయోగం కాదు కాబట్టి కారణం ఇదేనని ఖాయం చేయలేం. అయినా ఒక ఖరీదైన జత డబ్బుతో రెండు వేర్వేరు మధ్యరకం జతలు కొనుక్కోవడం తెలివితక్కువ పని మాత్రం కాదు. ఒకటి వాడిన రోజు రెండోదాని ఫోమ్ తేరుకుంటుంది, చెమట ఆరుతుంది.

ఏ షూ అయినా ఎండాకాలం డాబా మీదో, కారు వెనక అద్దం దగ్గరో ఆరబెట్టకూడదు. వేడికి ఈవీఏ కుంచించుకుపోతుంది, జిగురు వదులుతుంది. ఆఫర్లో దొరికిందని కొని పెట్టెలో దాచడమూ తెలివి కాదు. కొన్ని షూల సోల్‌లో వాడే పాలీయురేథేన్ గాలిలోని తేమతో చర్య జరిపి, అడుగు వేయకపోయినా, కొన్నేళ్లకు ముక్కలుగా రాలిపోతుంది. కోస్తా ఉక్కలో మరీను. వాడే జత ఎప్పుడు మార్చాలన్నది తెలుసుకోవడానికి కొన్న తేదీని లోపలి నాలుక మీద పెన్నుతో రాసుకుంటే, గడిచిన వారాలను వారం దూరంతో గుణించుకోవచ్చు. 300 కిలోమీటర్లు దాటాక నెలకోసారి బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడాలి. ఒక షూ పక్కకు వాలినా, పక్కగోడ మీది ముడతలు రాత్రంతా వదిలేసినా విప్పుకోకపోయినా, దూరం పెంచకుండానే ముంగాలి ఎముక నొప్పి మొదలైనా ఆ జత పని పరుగులో అయిపోయినట్టే. కూరగాయల మార్కెట్ దాకా నడవడానికి అది ఇంకో ఆరు నెలలు వస్తుంది.